దిక్సూచి ముల్లు కదలట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

సుద్దముక్క
శనివారం, సాయంత్రం 6:20

అందరికీ నమస్కారం. నాగావళి అవతల ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. నిన్న పదో తరగతికి విద్యుదయస్కాంతత్వం మొదలుపెట్టాను. రాగి తీగ కింద దిక్సూచి పెట్టి కరెంటు పంపితే ముల్లు పక్కకి తిరగాలి కదా, ఆ ప్రయోగం. నలభై మంది పిల్లలు బల్ల చుట్టూ మూగారు. వెనకున్నవాళ్లు ముందువాళ్ల భుజాల మీద గడ్డాలు ఆనించి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. స్విచ్ నొక్కాను. ముల్లు పిసరంత కూడా కదల్లేదు. మళ్లీ నొక్కాను. తీగని ఇంకా కిందికి దించాను. ఊహూ.

"కదిలిందనుకుని రాసుకోండి" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నేను చదువుకునే రోజుల్లో ఆ మాట చాలాసార్లు విన్నాను. అదే మాట నా నోటితో వీళ్లకి చెప్పడానికి మనసొప్పలేదు. సోమవారం మళ్లీ చేసి చూపిస్తానని మాటిచ్చేశాను.

వాడిన సామాను: రెండు చిన్న సెల్లులు, స్విచ్చు, రాగి తీగ, కరెంటు పోతోందో లేదో తెలియడానికి ఒక ఎల్‌ఈడీ. ఎల్‌ఈడీ చక్కగా వెలిగింది. దిక్సూచి ల్యాబు బీరువాలో ఉన్నదే. తరగతి గదిలోని బల్ల మీద చేశాను. తప్పెక్కడుందో చెప్పగలరా?

రాగితీగ
శనివారం, సాయంత్రం 6:52

మేడమ్, నేను రాజాంలో మోటార్లకి వైండింగ్ చేస్తాను. చదువు తక్కువే గానీ తీగలతో పాతికేళ్ల పరిచయం. మీ ఎల్‌ఈడీ చక్కగా వెలిగింది అన్నారు చూడండి, కొంప అక్కడే మునిగింది. అది వెలగడానికి 20 మిల్లీ ఆంపియర్లు చాలు. రెండు సెల్లులు పెట్టినా అంతకు మించి పెద్దగా పోనివ్వదు. ముల్లుని లాగేవి ఆంపియర్లు. పాత టార్చిలైటు బల్బు, 2.5 వోల్టులది, 0.3 ఆంపియరు తీసుకుంటాది. ఎల్‌ఈడీకి పదిహేను రెట్లు. అది పెట్టి చూడండి.

మూడులాంతర్లు
శనివారం, రాత్రి 7:15

రాజాం తమ్ముడు సరిగ్గా పట్టుకున్నాడు. నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకి చాలాకాలం ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఒక్క ప్రశ్న అడుగుతానమ్మా. తీగని ఏ దిక్కుగా పరిచారు?

సుద్దముక్క
శనివారం, రాత్రి 7:21

కిటికీ నుంచి తలుపు వైపుకి మాస్టారూ. అంటే తూర్పు పడమరగా. దిక్కుతో పని ఉంటుందని అనుకోలేదు. పుస్తకంలో బొమ్మ ఉంది గానీ దిక్కు సంగతి నా కంట పడలేదు.

మూడులాంతర్లు
శనివారం, రాత్రి 7:58

ఈ ప్రయోగమంతా దిక్కు మీదే నడుస్తుంది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

దిక్సూచి ముల్లు ఊరికే ఉత్తరం చూస్తూ కూర్చున్నట్టు కనిపిస్తుంది గానీ దాన్ని భూమి ఎప్పుడూ పట్టుకుని లాగుతూనే ఉంది. మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో నేలకి సమాంతరంగా ఉండే భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు (అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం). మనం తీగలో కరెంటు పంపితే తీగ చుట్టూ వలయాలుగా ఇంకో క్షేత్రం పుడుతుంది. ఇప్పుడు ముల్లు ఇద్దరి మధ్య ఇరుక్కుంది. ఇటు భూమి, అటు తీగ. ఎవరి బలం ఎంతో దాన్నిబట్టి మధ్యలో ఎక్కడో ఆగుతుంది.

తీగ ఉత్తర దక్షిణాలుగా ఉంటే దాని కింద పుట్టే క్షేత్రం తూర్పు పడమరగా ఉంటుంది. భూమి లాగేదానికి సరిగ్గా అడ్డంగా అన్నమాట. అందుకే కరెంటు కొంచెమైనా ముల్లు కొంచెం తిరుగుతుంది. మీరు పరిచినట్టు తీగ తూర్పు పడమరగా ఉంటే దాని క్షేత్రం ఉత్తర దక్షిణాల్లోనే పడుతుంది. కరెంటు ఒక వైపు పోతే భూమికి తోడవుతుంది. ముల్లు మరింత గట్టిగా ఉత్తరాన్నే అంటిపెట్టుకుంటుంది. రెండో వైపు పోతే భూమిని ఎదిరిస్తుంది గానీ భూమి బలాన్ని దాటేదాకా ముల్లు కదలనే కదలదు. దాటిందంటే ఒక్కసారిగా వెనక్కి తిరిగి దక్షిణం చూస్తుంది. ఆ ప్రయోగం కూడా చేసి చూడదగ్గదే, తర్వాత.

కరెంటు దిక్సూచి ముల్లుని కదుపుతుందని కనిపెట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్త ఆయిర్‌స్టెడ్ 1820 జులై 21న లాటిన్‌లో నాలుగు పేజీల కరపత్రం అచ్చువేసి యూరప్ పండితులకి పంపాడు. అందులో కూడా తీగని ముల్లుకి సమాంతరంగా, దానికి పైన ఉంచమనే మొదలుపెడతాడు.

సీనియర్_ఇంటర్
శనివారం, రాత్రి 8:30

మాస్టారూ, మాది బొబ్బిలి. ఫైఫాక్స్ అనే యాప్ వేసి ఫోన్‌లోని అయస్కాంత సెన్సార్‌తో ఇప్పుడే మా పెరట్లో కొలిచాను. మొత్తం 44 మైక్రోటెస్లా దగ్గర చూపిస్తోంది. ఫోన్‌ని బల్లపరుపుగా పెట్టి అడ్డం భాగం లెక్కేస్తే 40 వచ్చింది. మీరు చెప్పిన అంకె అచ్చంగా దొరికేసరికి ఒళ్లు పులకరించింది. కొలిచే ముందు ఫోన్‌ని గాలిలో ఎనిమిది అంకెలా నాలుగుసార్లు తిప్పాలి, లేకపోతే అంకెలు తప్పుగా వస్తాయి. మేగ్నెట్ ఉన్న కవరు కూడా తీసెయ్యాలి.

మరి మొత్తం 44 ఉంటే అడ్డంగా 40యే ఎందుకుంది?

మూడులాంతర్లు
శనివారం, రాత్రి 8:44

మిగతాది నేలలోకి దిగుతోంది బాబూ. మన దగ్గర భూమి క్షేత్రం సుమారు 25 డిగ్రీలు కిందికి వాలి ఉంటుంది. కుట్టుసూదిని సరిగ్గా నడిమికి దారం కట్టి వేలాడదీయి. అడ్డంగా నిలిచేలా సరిచూసుకున్నాక అయస్కాంతంతో రుద్ది మళ్లీ వేలాడదీయి. ఉత్తరపు మొన నేల వైపు వాలుతుంది. దిక్సూచిలో ముల్లు అలా వాలకుండా బరువు సరిచేసి అమ్ముతారు కాబట్టి మనకి కనపడదు.

సరే, మేడమ్ లెక్కకి వద్దాం. పొడవాటి తీగలో 1 ఆంపియరు పోతుంటే దానికి 1 సెంటీమీటరు దూరంలో 20 మైక్రోటెస్లాల క్షేత్రం ఉంటుంది. దిక్సూచి గాజు మీద తీగ ఆనిస్తే ముల్లుకి దూరం ఇంచుమించు సెంటీమీటరే. ఆ ఎల్‌ఈడీతో 20 మిల్లీ ఆంపియర్లు కాబట్టి 0.4 మైక్రోటెస్లా. భూమిది 40. అంటే నూరో వంతు. తీగని సరైన దిక్కులో పెట్టినా ముల్లు అర డిగ్రీ కంటే కాస్త ఎక్కువ తిరుగుతుందేమో. నలభై జతల కళ్లు చూసినా అది కనపడదు.

టార్చి బల్బుతో 6 మైక్రోటెస్లాలు. ఎనిమిదిన్నర డిగ్రీలు తిరుగుతుంది. ముందు వరసకి కనపడుతుంది. 2 ఆంపియర్లు పంపామా, తీగ 40, భూమి 40. సమ ఉజ్జీలు. ముల్లు సరిగ్గా 45 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. మన ఊళ్లో సెంటీమీటరు దూరంలో ఉన్న 2 ఆంపియర్ల తీగ ఈ భూగోళమంతటితో సమానంగా లాగుతుందన్నమాట. ఇన్నేళ్లు చెప్పినా ఈ లెక్క దగ్గరికి వచ్చేసరికి నాకు ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది.

రాగితీగ
శనివారం, రాత్రి 9:10

2 ఆంపియర్లు కావాలంటే ఊరికే సెల్లు షార్టు చెయ్యమంటారు చాలామంది. పెద్ద సెల్లుని రెండు క్షణాలు అలగ ఆనిస్తే వస్తాది, కాదనను. కానీ పిల్లగుంటలు వదల్రు, పట్టుకునే ఉంటారు. తీగ వేడెక్కి చెయ్యి చురుక్కుమంటాది. ఫోను బేటరీని, బండి బేటరీని అలగ షార్టు చేస్తే మటుకు నిప్పు లేస్తాది. ఎవరూ చెయ్యొద్దు. ఇంట్లో ప్లగ్గు జోలికి అసలు పోవద్దు.

నా పద్ధతి చెప్తాను. 12 వోల్టుల బండి బేటరీ ఒకటి, కారు ఇండికేటర్ బల్బు ఒకటి, 21 వాట్లది. బల్బుని వరసలో కలపండి. 21ని 12తో భాగిస్తే 1.75 ఆంపియర్లు. బల్బే కళ్లెం వేస్తాది, అంతకు మించి పోదు. బేటరీ దగ్గరే 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. బేటరీని దిక్సూచికి రెండు బారల దూరం ఉంచండి.

మూడులాంతర్లు
శనివారం, రాత్రి 9:18

భేషైన పద్ధతి. 1.75 ఆంపియర్లంటే 35 మైక్రోటెస్లాలు. ముల్లు 41 డిగ్రీలు తిరగాలి.

తాపీపని
శనివారం, రాత్రి 9:40

నేను ఇళ్లు కడతాను. మీ చదువు సంగతి నాకు తెలియదు గానీ ఒకటి చెబుతాను. బల్లకి ఇనుప కాళ్లు, ఇనుప చట్రం ఉన్నాయా? కంపాసు దాని మీద పెట్టొద్దు. ఒకాయన స్లాబు మీద చువ్వల పక్కన కంపాసు పెట్టి ఈశాన్యం చూసి గుర్తు పెట్టమన్నాడు. నాకు అనుమానం వచ్చి నాలుగడుగులు జరిపి చూస్తే ముల్లు ఇంకోవైపు చూపించింది. ఖాళీ స్థలంలో, చెక్క పీట మీద పెట్టి మళ్లీ చూశాక గానీ ముగ్గు పొయ్యలేదు. మీరు కూడా మేడ మీద చెయ్యకండి, కింద చువ్వలుంటాయి.

సుద్దముక్క
శనివారం, రాత్రి 10:05

బల్ల చట్రం ఇనుమే! రేపు పెరట్లో చెక్క పీట మీద చేస్తాను. మా తమ్ముడి బండి బేటరీ అడిగాను, ఇండికేటర్ బల్బు కోసం పొద్దున్నే ఏడురోడ్ల జంక్షన్ దాకా వెళ్తాను. అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు.

సుద్దముక్క
ఆదివారం, మధ్యాహ్నం 12:35

కదిలింది! స్విచ్ నొక్కగానే ముల్లు గబుక్కున పక్కకి పోయి, అటూ ఇటూ ఊగి, 40 దగ్గర నిలబడింది. మా అమ్మ వంట వదిలేసి వచ్చి మూడుసార్లు నొక్కించుకుని చూసింది.

కానీ ఇంకో చిక్కు వచ్చింది మాస్టారూ. కరెంటు దక్షిణం నుంచి ఉత్తరానికి, తీగ ముల్లుకి పైన. కుడిచేతి నియమం (బొటనవేలు కరెంటు పోయే వైపు పెట్టి తీగని పట్టుకుంటే, ముడిచిన వేళ్లు క్షేత్రం తిరిగే వైపు చూపిస్తాయి) ప్రకారం ఉత్తరపు మొన పడమరకి పోవాలి. నాకు ఎర్ర మొన తూర్పుకి పోతోంది. బేటరీ వైర్లు రెండుసార్లు సరిచూశాను. ప్లస్సు ప్లస్సే.

సీనియర్_ఇంటర్
ఆదివారం, మధ్యాహ్నం 12:50

ఎడమ చెయ్యి వాడారేమో టీచర్. పరీక్షలో కుడిచేత్తో పెన్ను పట్టుకుని ఎడమ చేత్తో నియమం వేసేవాళ్లు మా క్లాసులో చాలామంది ఉన్నారు.

మూడులాంతర్లు
ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఆ తప్పు జరుగుతుంది, నిజమే. కానీ నాకు వేరే అనుమానం. దిక్సూచి ల్యాబు బీరువాలో ఉన్నదన్నారు కదా. దాంతోపాటు దండాయస్కాంతాలు కూడా అదే పెట్టెలో ఉన్నాయా?

సుద్దముక్క
ఆదివారం, మధ్యాహ్నం 1:34

అవును మాస్టారూ. అన్నీ ఒకే అట్టపెట్టెలో ఉన్నాయి.

మూడులాంతర్లు
ఆదివారం, మధ్యాహ్నం 1:52

అయితే ముల్లు తిరగబడి ఉంటుంది. బలమైన అయస్కాంతం పక్కన నెలల తరబడి పడుంటే సన్నటి ముల్లు ధ్రువాలు తారుమారవుతాయి. ఎర్ర రంగు ఉత్తరపు మొనకే ఉంటుంది గానీ లోపల అది దక్షిణ ధ్రువమైపోతుంది. అప్పుడు మీరు ఉత్తరం అనుకున్నది దక్షిణం. మీ లెక్కలో కరెంటు కూడా తలకిందులే. అందుకే ఎర్ర మొన మీకు తూర్పుకి పోయినట్టనిపిస్తుంది.

సూర్యుణ్ని చూసి సరిచూడొచ్చు గానీ సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 20, సెప్టెంబరు 23 ప్రాంతాల్లోనే. మిగతా రోజుల్లో అటో ఇటో జరుగుతాడు. ఇవాళ రాత్రి ఆకాశం తేటగా ఉంటే ధ్రువ నక్షత్రాన్ని చూడండి. మన శ్రీకాకుళానికి అది ఉత్తరాన 18 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి పట్టి, ఒకదాని మీద ఇంకొకటి పెడితే రెండో పిడికిలి పూర్తికాకముందే కనపడుతుంది. మన ప్రాంతంలో దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే కాబట్టి పోల్చుకోవడం తేలిక.

సుద్దముక్క
ఆదివారం, రాత్రి 8:15

మాస్టారూ, మీ మాటే నిజం. చుక్క ఒక వైపుంది, ఎర్ర మొన సరిగ్గా దానికి వ్యతిరేక దిక్కుని చూస్తోంది. ఈ దిక్సూచితో ఎన్నేళ్లుగా ఎంతమంది పిల్లలకి తప్పు దిక్కు చూపించామో అని గుండె చివుక్కుమంది. దీన్ని బాగుచేసే దారి ఉందా? సోమవారానికి ఇదొక్కటే దిక్కు.

రాగితీగ
ఆదివారం, రాత్రి 8:40

ఉంది మేడమ్. పాత స్పీకరు అయస్కాంతం గానీ మీ దండాయస్కాంతం గానీ తీసుకోండి. దండాన్ని దారంతో వేలాడదీస్తే ఉత్తరం వైపు నిలిచే కొస ఉత్తర ధ్రువం. రెండోది దక్షిణం. రంగుని నమ్మకండి, అదీ తిరగబడి ఉండొచ్చు. దిక్సూచిని ఒక పక్కకి వంచితే ముల్లు గాజుకి ఆనుకుని ఇరుక్కుంటాది. అప్పుడు దండం దక్షిణపు కొసతో ముల్లు మధ్య నుంచి ఎర్ర మొన దాకా గాజు మీదుగా గబగబా పది సార్లు లాగండి. ప్రతిసారీ ఎర్ర మొన దగ్గర పైకెత్తేసి, మళ్లీ మధ్యకి రండి. వెనక్కి రుద్దొద్దు. ఎర్ర మొన ఉత్తర ధ్రువం అవుతాది.

సుద్దముక్క
ఆదివారం, రాత్రి 9:20

అయింది. పన్నెండోసారికి. ఇప్పుడు ఎర్ర మొన ధ్రువ నక్షత్రాన్నే చూస్తోంది. దండాయస్కాంతాల్ని వేరే పెట్టెలో పెట్టి, పెట్టె మీద "దిక్సూచి పక్కన పెట్టరాదు" అని రాసేశాను.

భావనపాడు_బోటు
ఆదివారం, రాత్రి 10:30

ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నాను. మాది వేటకెళ్లే కుటుంబం. ఫైబర్ బోటు. ఇప్పుడు జీపీఎస్ ఉంది గానీ మా నాన్న కంపాసు వదలడు. చార్జింగ్ అయిపోతే సముద్రంలో దిక్కెవరంటాడు.

మా కంపాసుకి ఒక జబ్బు ఉండేది. పగలు బాగా చూపించేది. రాత్రి లైటు వెయ్యగానే ముల్లు జరిగేది. నాన్న దాన్ని సముద్రం గాలి అనేవాడు. కంపాసు పాడైందని కొత్తది కొన్నాం, అదీ అంతే. ఇవాళ మాస్టారు రాసింది చదివి టార్చి పట్టుకుని బోటు దగ్గరికి పోయి చూశాను. లైటుకి పోయే ప్లస్సు వైరు కంపాసు కిందనుంచి జానెడు దూరంలోపే పోతోంది. మైనస్సు వైరు బోటు అవతలి అంచున పోతోంది. లైటు 12 వోల్టులు, 36 వాట్లు. దీనివల్లేనా?

మూడులాంతర్లు
ఆదివారం, రాత్రి 10:55

దీనివల్లే నాయనా. 36ని 12తో భాగిస్తే 3 ఆంపియర్లు. 10 సెంటీమీటర్ల దూరంలో ఆ ఒంటరి వైరు క్షేత్రం 6 మైక్రోటెస్లాలు. బోటు ఏ దిక్కుగా పోతోందన్నదాన్నిబట్టి తేడా మారుతుంది. ఎక్కువలో ఎక్కువ ఎనిమిదిన్నర డిగ్రీలు. ఇరవై కిలోమీటర్లు ఆ ముల్లుని నమ్ముకుని వస్తే ఒడ్డుకి చేరేసరికి దాదాపు మూడు కిలోమీటర్లు పక్కకి పోతారు.

మందు చాలా చవక. ప్లస్సు, మైనస్సు రెండు వైర్లనీ కలిపి జడలా మెలివేసి ఒకే దారిన తీసుకెళ్లు. ఒకదానిలో కరెంటు పోయేటప్పుడు రెండోదానిలో తిరిగొస్తుంది. రెండింటి క్షేత్రాలూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. కంపాసుకి రెండు వైర్లున్నాయన్న సంగతే తెలియదు. బేటరీని, స్పీకరు పెట్టెని కూడా దూరంగా జరుపు.

భావనపాడు_బోటు
ఆదివారం, రాత్రి 11:02

రేపు పొద్దున్నే మెలివేస్తాను మాస్టారూ. మీ కాళ్లకి దండం.

తాపీపని
సోమవారం, ఉదయం 6:10

మరి మా ఇంట్లో ఇస్త్రీపెట్టె వైరు మీద కంపాసు పెట్టాను. ఇస్త్రీపెట్టె 4 ఆంపియర్లు లాగుతుందంటారు. ముల్లు కదల్లేదేం? వైరు పైన రబ్బరు ఉండటం వల్లనా?

సీనియర్_ఇంటర్
సోమవారం, ఉదయం 6:45

రబ్బరు అడ్డం కాదండి. ఇంటి కరెంటు ఏసీ. సెకనుకి 50 సార్లు అటూ ఇటూ పోతుంది, అంటే దిక్కు సెకనుకి 100 సార్లు మారుతుంది. ముల్లు ఒకవైపు కదలబోయేలోపే రెండో వైపు లాగుడు మొదలవుతుంది. పాపం ఉన్నచోటే ఉంటుంది. పైగా మీ వైరులో రెండు తీగలూ పక్కపక్కనే ఉన్నాయి, మాస్టారు చెప్పిన జడ లాగే. విజయనగరం స్టేషన్లో రైలు పైనుండే తీగ కూడా ఏసీయే, 25 వేల వోల్టులు. అక్కడ ప్లాట్‌ఫాం మీద ముల్లు తేడా చూపిస్తే అది పట్టాల ఇనుము వల్ల.

సుద్దముక్క
సోమవారం, సాయంత్రం 5:50

ఇవాళ్టి సంగతి తీరిగ్గా రాస్తాను.

చెక్క పీటని వేపచెట్టు కింద వేశాను. బేటరీని వరండా మెట్టు మీద పెట్టాం. తీగని ఉత్తర దక్షిణాలుగా బిగించి, పీట మీద రెండు చెక్క రూళ్లకి కట్టాను. ఇంకా స్విచ్ నొక్కకముందే అడిగాను, ముల్లు ఎటు పోతుందో చెప్పండి అని. కుడిచేతులన్నీ గాలిలోకి లేచాయి, బొటనవేలు ఉత్తరానికి పెట్టి. సగం మంది సముద్రం వైపు అన్నారు, సగం మంది కొండల వైపు అన్నారు. తూర్పు పడమరలు అనమంటే తడబడేవాళ్లు కూడా సముద్రం, కొండలు అనేసరికి తడుముకోలేదు. మనకి తూర్పున సముద్రం, పడమరన తూర్పు కనుమలు కదా. అప్పుడే నాకూ తట్టింది. అందరం కలిసి ఒక వాక్యం కట్టాం: "కరెంటు ఉత్తరానికి, తీగ పైన, ముల్లు కొండలకి."

నొక్కాను. కొండల వైపే పోయింది. ఎంత గోల చేశారంటే పక్క తరగతి టీచరు బయటికొచ్చారు. ఆయన్నీ నొక్కమన్నాం.

తర్వాత దిక్సూచిని తీగ మీద పెట్టాం. సముద్రం వైపు తిరిగింది. వైర్లు మార్చాం. మళ్లీ కొండలు. తీగకీ దిక్సూచికీ మధ్య నోట్‌బుక్ పెట్టారు, చెక్క స్కేలు పెట్టారు, మధ్యాహ్న భోజనం పళ్లెం పెట్టారు, నీళ్లున్న గ్లాసు పెట్టారు. ఆయిర్‌స్టెడ్ కూడా ఇలాగే గాజు, చెక్క, నీళ్లు, రాయి అడ్డంపెట్టి చూశాడని చెప్పాను. రెండొందల ఏళ్ల కిందట ఆయన చేసిందే మేమూ చేశామా అని ఒకడు అడిగాడు. అవునన్నాను. వాడు నోట్‌బుక్‌లో ఆ వాక్యం కింద గీత గీసుకున్నాడు.

తర్వాత తీగని మెల్లగా పైకెత్తాం. దూరం రెట్టింపు చేస్తే కోణం 41లో సగం రావాలని అందరూ అన్నారు. 24 వచ్చింది. కొలత తప్పనుకుని నాలుగుసార్లు చూశారు. క్షేత్రం సగమవుతుంది గానీ కోణం సగమవదు. ముల్లు తిరిగిన కోణం టాంజెంటే తీగ క్షేత్రానికీ భూమి క్షేత్రానికీ ఉన్న నిష్పత్తి. 40కి పదిహేడున్నర అంటే 0.44, అది సుమారు 24 డిగ్రీల టాంజెంటు. పదో తరగతి లెక్కల పుస్తకంలో టాంజెంటు ఎందుకుందో అని వాళ్లకి ఇన్నాళ్లూ ఉన్న అనుమానం ఇవాళ తీరింది.

మూడులాంతర్లు
సోమవారం, రాత్రి 7:05

అమ్మా, మీ వేపచెట్టు కింద నేనూ నిలబడ్డట్టే ఉంది.

ఇంటర్ ల్యాబులో టాంజెంట్ గాల్వనోమీటర్ అని కరెంటు కొలిచే పరికరం ఒకటి ఉంటుంది. ఇత్తడి కాళ్లు, నిలువు చక్రం, చక్రానికి 2, 50, 500 చుట్లు, నడుమ చిన్న ముల్లు. దాని మీద అడ్డంగా పొడవాటి అల్యూమినియం సూచిక. ముందు చక్రాన్ని ఉత్తర దక్షిణాల్లోకి తిప్పి సూచిక సున్నా, సున్నా చూపేలా సరిచెయ్యాలి. జేబులో తాళాలు, చేతి గడియారాలు పక్కన పెట్టించేవాణ్ని. చాలామంది పిల్లలు అంకెలు రాసేసి, అది ఏం చేస్తోందో చూడకుండానే వెళ్లిపోయేవారు. మీ పిల్లలు ముందు చూశారు, తర్వాత టాంజెంటు దగ్గరికి వచ్చారు. అలా రావాలి.

ఇప్పుడు బండి బేటరీ కూడా అక్కర్లేకుండా చెయ్యొచ్చు. 3 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో పది చుట్లు చుట్టి, ఆ చుట్ట మధ్యలో దిక్సూచి పెట్టండి. టార్చి బల్బు 0.3 ఆంపియరుకే 63 మైక్రోటెస్లాలు పుడతాయి. 57 డిగ్రీలు. రెండు సెల్లులు చాలు. 1820లోనే జర్మనీలో ష్వైగర్ అనే శాస్త్రవేత్త ఈ చుట్టల ఉపాయం పట్టాడు.

కళింగపట్నం_ఇసుక
మంగళవారం, ఉదయం 9:30

మేడమ్, పిల్లల్ని ఒకసారి మా వంశధార మొగకి తీసుకురండి. దీపస్తంభం దాటాక అలలు వెనక్కి పోయినచోట ఇసుక మీద నల్లటి చారలుంటాయి. మా పాప అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి ఆ చారల మీద లాగుతుంది. కవరు అడుగున నల్లటి గింజలు ముళ్లపందిలా నిక్కబొడుచుకుని లేస్తాయి. కవరు ఊడదీస్తే జలజలా రాలిపోతాయి. అందులో బాగా అంటుకునేది మాగ్నెటైట్. నల్లగా ఉండే మిగతాదంతా ఎక్కువగా ఇల్మనైట్, అది బలమైన అయస్కాంతానికే కొంచెం కదులుతుంది. ఎర్రగా మెరిసేవి గార్నెట్లు. పిడికెడు గింజలు తెచ్చుకుంటే ఇనుప రజను కొననక్కర్లేదు. కాగితం కింద దండాయస్కాంతం పెట్టి చల్లితే గీతలు చక్కగా పడతాయి.

సీనియర్_ఇంటర్
మంగళవారం, సాయంత్రం 4:10

చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీసు రాయి కూడా నల్లగానే ఉంటుంది. మా మామయ్య వాళ్లింటి దగ్గర ఏరుకొచ్చి అయస్కాంతం పెట్టి చూశాను. అంటుకోలేదు.

మూడులాంతర్లు
మంగళవారం, రాత్రి 8:00

అంటుకోదు. నల్లగా ఉన్నంత మాత్రాన అయస్కాంతానికి లొంగదు.

మేడమ్, మీ పిల్లలు ఇంత దూరం వచ్చారు కాబట్టి ఇంకొక్క అడుగు. 1831 ఆగస్టు 29న ఇంగ్లండు శాస్త్రవేత్త ఫారడే మెత్తటి ఇనుప ఉంగరానికి ఒక పక్క ఒక తీగ, రెండో పక్క ఇంకో తీగ చుట్టాడు. మొదటిదాన్ని బేటరీకి కలిపాడు. రెండోదాని కొసలు దూరంగా తీసుకెళ్లి ఒక అయస్కాంత ముల్లు మీదుగా పోనిచ్చాడు. ఆయన దగ్గరున్న పరికరమల్లా మీ దగ్గరున్నదే. ఏం జరుగుతుందో నేను చెప్పను. చేసి చూడండి.

రాగితీగ
మంగళవారం, రాత్రి 8:25

ఇనుప ఉంగరం బదులు పాత ట్రాన్స్‌ఫార్మర్ కోరు (తీగ చుట్టే లోపలి ఇనుప దిమ్మ) ఇస్తాను. రెండు పక్కలా వందేసి చుట్లు నేనే చుట్టి, రేపు మీ ఊరి బస్సు కండక్టరు చేతికిస్తాను. డబ్బులు వద్దు. దిక్సూచికి నలభై చుట్ల చుట్ట మీరు చుట్టుకోండి. కోరుకి బారెడు దూరంలో పెట్టండి, లేకపోతే ఇనుమే ముల్లుని లాగేస్తాది.

భావనపాడు_బోటు
బుధవారం, ఉదయం 5:15

మెలివేసిన వైరుతో నిన్న రాత్రి వేటకెళ్లాం. నాన్న లైటు వేశాడు, ఆర్పాడు, మళ్లీ వేశాడు. ముల్లు ఉన్నచోటే ఉంది. ఏమీ అనలేదు, కంపాసు గాజుని లుంగీ కొంగుతో తుడిచాడు.

సుద్దముక్క
గురువారం, సాయంత్రం 6:05

కోరు అందింది రాగితీగ గారూ. చుట్లు ఎంత పొందిగ్గా చుట్టారో పిల్లలు వేళ్లతో తడిమి చూశారు.

స్విచ్ నొక్కాం. ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడినట్టు కొండల వైపు జరిగి, వెనక్కి వచ్చేసింది. అంతే. స్విచ్ నొక్కే ఉంచాం. ముల్లు ఉత్తరం చూస్తూ నిశ్చలంగా ఉంది. పిల్లలంతా తీగ ఊడిందనుకున్నారు. వెనక వరసలో ఎప్పుడూ మాట్లాడని పిల్ల ఒకతి ఉంది. తనే ముందుకొచ్చి స్విచ్ ఆపింది. ముల్లు మళ్లీ ఉలిక్కిపడింది. ఈసారి సముద్రం వైపు.

ఆ పిల్ల స్విచ్ దగ్గరే కూర్చుని పదిసార్లు వేసి, ఆపి చూసింది. తర్వాత అడిగింది: "నొక్కినప్పుడు ఒకసారి, ఆపినప్పుడు ఒకసారి. మధ్యలో కరెంటు పోతూనే ఉంది కదా టీచర్, అప్పుడెందుకు ఊరుకుంది?"

జవాబు రేపటికి తనే ఆలోచించుకొస్తానంది. పిల్లలు ఈ చర్చంతా నా ఫోన్లో చదువుతున్నారు. దయచేసి రేపు సాయంత్రందాకా ఎవరూ జవాబు ఇక్కడ రాయొద్దు.

మూడులాంతర్లు
గురువారం, సాయంత్రం 6:11

రాయనమ్మా.

రాగితీగ
గురువారం, సాయంత్రం 6:30

నేనూ రాయను. ఆ పాపకి 28 గేజి తీగ ఒక చుట్ట వేరేగా పంపుతాను, ఇంటి దగ్గర చేసుకోడానికి.